రక్త క్యాన్సరుకు గంజాయి నూనె: ప్రయోగశాలలో ఆశ, అంగట్లో మోసం

క్రిందటి నెలలో ఒక ఉదయం పాత పరిచయస్థులొకరు ఫోను చేశారు. ఆయన విశ్రాంత ఉపాధ్యాయులు. నేను ఏరియా ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో ఎరిగిన మనిషి. ఆయన కూతురి కొడుకుకు ఏడేళ్ళు. మూడు నెలల క్రితం జ్వరం ఎంతకూ తగ్గక, ఒంటిమీద కమిలినట్లు మచ్చలు తేలితే పరీక్షలు చేయించారు. ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అని తేలింది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సరు ఇదే. మొదటి విడత చికిత్స ముగిశాక ఎముక మజ్జను తీసి చూస్తే క్యాన్సరు కణాలు కనబడలేదు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

"డాక్టరు గారూ, మీకొక సంగతి చెప్పాలి. మూడో వారం నుంచి మా అల్లుడు పిల్లవాడికి గంజాయి నూనె చుక్కలు వేయిస్తున్నాడు. అది ల్యుకేమియా కణాలను చంపుతుందని లండనులో రుజువైందట. చూశారుగా, నెల తిరిగేసరికి మజ్జ శుభ్రపడింది. ఇక ఆ పాడు మందులతో జుట్టు రాలగొట్టి, నోరు పూయించి వాణ్ణి హింసించడమెందుకని రెండు వారాలుగా ఆసుపత్రికి తీసుకెళ్ళడం లేదు. మీరేమంటారు?"

నేనేమన్నానో ఆయనకు అప్పుడే చెప్పాను. కానీ ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. గత రెండు మూడేళ్ళలో ఇదే ప్రశ్న నన్ను అడిగినవారిలో ఈయన నాలుగో వారు. అందుచేత కాస్త వివరంగా, కాస్త కటువుగా కూడా రాయదలచాను.

మొదట నిజమెంతో చెప్పాలి. ఈ అబద్ధానికి ఉన్న బలమంతా అందులోని నిజమే. గంజాయి మొక్కలోని మత్తు పదార్థమైన టీహెచ్‌సీ నిర్మాణాన్ని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు రఫేల్ మెషూలం, యెహియేల్ గావోని నిర్ధారించారు. మత్తు కలిగించని మరో పదార్థం సీబీడీ. ఇటువంటివాటిని కలిపి కన్నాబినాయిడ్లు అంటారు. మన శరీరమే ఇటువంటి పదార్థమొకదాన్ని తయారుచేసుకుంటుందని 1992లో కనుగొని, దానికి మన సంస్కృతం నుంచి 'ఆనంద' శబ్దాన్ని తీసుకొని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఇవి పనిచేయాలంటే కణాల మీద వీటిని పట్టుకొనే గ్రాహకాలు ఉండాలి. అందులో రెండవది, సీబీ2 అనే గ్రాహకం, 1993లో దొరికింది. ఎక్కడ దొరికిందో తెలుసా? ఒక ల్యుకేమియా రోగి రక్తం నుంచి తీసి ప్రయోగశాలల్లో పెంచుతూ వస్తున్న హెచ్‌ఎల్-60 అనే కణజాతిలో. అంటే ల్యుకేమియాకూ కన్నాబినాయిడ్లకూ ముడి వాట్సాప్‌లో పుట్టినది కాదు. ఆ గ్రాహకం మొదట పరిచయమైనదే ల్యుకేమియా కణం ద్వారా.

ఆ పైన 2002లో అమెరికాలోని వర్జీనియా పరిశోధకులు సీబీ2 గ్రాహకం ద్వారా లింఫోబ్లాస్టిక్ కణాలను చంపవచ్చునని చూపారు. లండనులోని వైద్య పరిశోధకులు 2005లో టీహెచ్‌సీ ల్యుకేమియా కణాలను ఆత్మవినాశనానికి పురికొల్పుతుందని ప్రకటించారు. 2006లో సీబీడీ విషయంలోనూ అదే తేలింది. ఇవన్నీ మంచి పత్రికల్లో వచ్చిన మంచి పరిశోధనలు. వీటిని వెక్కిరించే వైద్యుణ్ణి నేను సమర్థించను.

అయితే ఈ పరిశోధనలు ప్రధానంగా జరిగింది గాజు పాత్రలో. గాజు పాత్రలో క్యాన్సరు కణాన్ని చంపడం పెద్ద విశేషం కాదు. స్పిరిటు చంపుతుంది, సబ్బు నీళ్ళు చంపుతాయి. పక్కనున్న మంచి కణాన్ని వదిలి చెడ్డదాన్ని మాత్రమే, అదీ మనిషి తట్టుకోగల మోతాదులో చంపడం విశేషం. ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. ఈ ప్రయోగాల్లో సాధారణంగా వాడిన టీహెచ్‌సీ గాఢత 10 మైక్రోమోలార్ ప్రాంతంలో ఉంటుంది. అంటే ఒక మిల్లీలీటరు ద్రవంలో సుమారు 3,000 నానోగ్రాములు. మనిషి 10, 20 మిల్లీగ్రాముల టీహెచ్‌సీని నోటి ద్వారా తీసుకుంటే రక్తంలో అది మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. మూడు వందల రెట్ల తేడా. సీసాలోని చుక్కలు నాలుక కింద వేసినంత మాత్రాన ఈ అగాధం పూడదు.

జంతువుల మీద జరిగిన ప్రయోగాల మాట కూడా చెప్పాలి. గంజాయి నూనె ప్రచారకులు తప్పకుండా ఉదహరించే పరిశోధన ఒకటుంది: 1975లో అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ పత్రికలో వచ్చినది. దానిలో ఎలుకల ఊపిరితిత్తుల కణితి టీహెచ్‌సీతో నెమ్మదించింది. ఒక రకం వైరస్ వల్ల వచ్చే ల్యుకేమియాలో ప్లీహం వాపు తగ్గింది. ఇంతవరకు అందరూ చెబుతారు. అదే వ్యాసంలో ఎల్1210 అనే ల్యుకేమియా ఉన్న ఎలుకలకు కిలో బరువుకు 50, 100, 200 మిల్లీగ్రాముల చొప్పున, చనిపోయేదాకా రోజూ టీహెచ్‌సీ పోశారు. వాటి ఆయుర్దాయం ఒక్క రోజైనా చెప్పుకోదగినంతగా పెరగలేదు. సీబీడీ అయితే ఊపిరితిత్తుల కణితిని కూడా తగ్గించలేదు. వ్యాసం సారాంశంలోనే ఉన్న ఈ వాక్యాలను దాటవేసి మిగిలినవి అనువదించి పంచేవాడిని అమాయకుడనలేను. ఇక ఆ మోతాదుల సంగతి: వాంతులకు వైద్యులు ఇచ్చే టీహెచ్‌సీ మాత్ర 2.5 మిల్లీగ్రాముల నుంచి మొదలవుతుంది. ఎలుక మోతాదును మనిషికి తగ్గించి లెక్కకట్టే పద్ధతిలో చూసినా పైన చెప్పిన పెద్ద మోతాదు మనిషికి ఒక గ్రాముకు చేరువవుతుంది.

సరే, మనుషుల సంగతి? 2013లో ప్రచురితమైన ఒక రోగి వృత్తాంతం తరచు పంచుకుంటారు. కెనడాలో 14 ఏళ్ళ బాలిక. ఫిలడెల్ఫియా క్రోమోజోము ఉన్న మొండి ల్యుకేమియా. మజ్జ మార్పిడి కూడా విఫలమైంది. కుటుంబం గంజాయి నూనె మొదలుపెట్టింది. రక్తంలో బ్లాస్ట్ కణాల సంఖ్య గణనీయంగా పడిపోయింది. గంజాయి మోతాదును బట్టి అది పెరిగి తరిగిందని ఆ వ్యాసం రాసినవారు భావించారు. వాట్సాప్ సందేశం సాధారణంగా ఇక్కడ ముగుస్తుంది. వృత్తాంతం మాత్రం ఇక్కడ ముగియలేదు. 78వ రోజున ఆ పిల్ల పేగు చిల్లుపడి చనిపోయింది. ఆ మరణం గంజాయి వల్ల కాదని, మునుపటి చికిత్సల దెబ్బ అని రచయితల అభిప్రాయం. కావచ్చు. నేను ఆ వృత్తాంతాన్ని కొట్టిపారేయడం లేదు. ఒక పరిశోధకుడికి అది మంచి ప్రశ్న. ఒక తండ్రికి అది జవాబు కాదు. ల్యుకేమియాను కన్నాబినాయిడ్లు అదుపు చేస్తాయని మనుషుల మీద జరిగిన నియంత్రిత పరీక్ష ఏదీ ఇంతవరకు నిరూపించలేదు. అమెరికా క్యాన్సరు వైద్యుల సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే ఉంది: క్లినికల్ ట్రయల్‌లో తప్ప, క్యాన్సరును తగ్గించే మందుగా గంజాయిని వాడవద్దు.

ఇక మాస్టారి మనవడి మజ్జ ఎలా శుభ్రపడింది? మొదటి నెలలో ఆ పిల్లవాడికి విన్‌క్రిస్టీన్, స్టెరాయిడ్, ఆస్పరాజినేజ్ ఇచ్చారు. ఈ మందులతో నూటికి తొంభై అయిదు మందికి పైగా పిల్లల్లో నెల తిరిగేసరికి మజ్జ శుభ్రపడుతుంది. నూనె వేసినా, వేయకపోయినా. మూడో వారంలో వచ్చిన నూనె, మొదటి రోజు నుంచి పనిచేస్తున్న మందుల పేరును కొట్టేసింది. కష్టపడి ఇల్లు కట్టినవాడు ఒకడు, గృహప్రవేశంనాడు పీటలమీద కూర్చున్నవాడు మరొకడు.

అసలు ప్రమాదం ఆ తరువాత ఉంది. జబ్బు బయటపడేనాటికి పిల్లవాడి ఒంట్లో సుమారు లక్ష కోట్ల క్యాన్సరు కణాలు ఉంటాయి. మజ్జ శుభ్రంగా ఉందని సూక్ష్మదర్శినిలో చూసి చెప్పిన నాటికి కూడా వెయ్యి కోట్ల వరకు కణాలు కంటికి ఆనకుండా దాగి ఉండవచ్చు. అందుకే ఆ తరువాతి విడతలు, అందుకే మొత్తం రెండు మూడేళ్ళ చికిత్స, రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికొకసారి మెథోట్రెక్సేట్. మెలమెల్లగా ఆ దాగినవాటిని ఏరివేయడమే దాని పని. ఒకప్పుడు కొద్దివారాల చికిత్సతో ఆపేసి చూశారు. జబ్బు తిరగబెట్టింది, పిల్లలు చనిపోయారు. 1960లలో అమెరికాలోని మెంఫిస్‌లో డోనల్డ్ పింకెల్ వంటివారు పట్టుబట్టి దీర్ఘకాలం చికిత్స చేశాకనే బిడ్డలు బతకడం మొదలైంది. నేడు మంచి కేంద్రాల్లో నూటికి తొంభై మంది వరకు బతుకుతున్నారు. మన దేశంలో ఆ సంఖ్య తక్కువగా ఉండడానికి ఉన్న కారణాల్లో మధ్యలో చికిత్స మానేయడం ఒకటి. తిరగబెట్టిన ల్యుకేమియా మొదటి దానిలా మందుకు లొంగదు.

"మొక్కలోని మందును కంపెనీలు తొక్కిపెడుతున్నాయి, పేటెంటు రాదు గనుక" అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు మన పెరట్లోని బిళ్ళగన్నేరు గుర్తుకు వస్తుంది. మాస్టారి మనవడికి మొదటి వారం ఎక్కించిన విన్‌క్రిస్టీన్ ఆ మొక్కనుంచి తీసినదే. 1963 నుంచి వాడుకలో ఉంది. ఎవరూ తొక్కిపెట్టలేదు. సీబీడీ మందునే తీసుకోండి: రెండు రకాల తీవ్రమైన బాల్య మూర్ఛలకు 2018లో అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. గంజాయి మొక్కనుంచి తీసినదే అది, తయారుచేసినది కంపెనీయే. పరీక్షకు నిలబడింది, మందయింది. అంతే.

మెథోట్రెక్సేట్ కథ ఇంకా మనది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన పదార్థాలను తయారుచేశారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ 16 మంది ల్యుకేమియా పిల్లలకు ఇస్తే 10 మందిలో గుణం కనిపించింది. అంతకుముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు చేయగలిగినది ఏమీ లేదు. అటువంటి రోజుల్లో, ఒక రసాయనం పిల్లల ల్యుకేమియాను వెనక్కి నెట్టినప్పుడు, 1948లో రాసిన ఆ వ్యాసానికి ఫార్బర్ పెట్టిన శీర్షికలో మొదటి మాటే 'తాత్కాలిక'. విజయం చేతిలో పెట్టుకొని కూడా ఆ విశేషణాన్ని ఆయన వదలలేదు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ పిల్లలకు వారం వారం ఇస్తున్నాము. పేటెంటు ఎప్పుడో తీరిపోయింది, మాత్ర ధర స్వల్పం. ఒక తెలుగువాడు బతుకంతా ధారపోసిన మందును మాన్పించి, మాస్టారి అల్లుడు తొమ్మిది వేలు పెట్టి సీసా కొన్నాడు.

పాషాణం కథ ఇంతకంటె విచిత్రం. చైనాలోని హర్బిన్ నగరంలో 1970లలో, పల్లెవైద్యుల మిశ్రమం ఒకటి క్యాన్సరుకు పనిచేస్తోందని విని ఝాంగ్ టింగ్‌డాంగ్ బృందం దానిని పరీక్షించింది. అందులో పాషాణం, పాదరసం, కప్ప విషం ఉన్నాయి. వాళ్ళు 'ప్రాచీన విజ్ఞానం' అని జెండా ఎత్తలేదు. 'మూఢనమ్మకం' అని చెత్తబుట్టలోనూ వేయలేదు. ఒక్కొక్క పదార్థాన్నీ విడదీసి చూశారు. పనిచేసేది పాషాణమని తేల్చారు. అన్ని రక్త క్యాన్సర్లకూ కాదు, ప్రోమైలోసైటిక్ అనే ఒక్క రకానికి అది బ్రహ్మాండంగా పనిచేస్తుందని క్రమంగా తెలిసింది. 2000లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2013లో వెలువడిన యూరపు పరీక్షలో పాషాణం, విటమిన్-ఎ జాతి మందు కలిపి ఇచ్చినవారిలో రెండేళ్ళకు నూటికి 97 మంది జబ్బు తిరగబెట్టడం, మరణం వంటి అవాంతరాలు లేకుండా ఉన్నారు. కీమోథెరపీ ఇచ్చినవారిలో 86 మంది. పాషాణాన్నే మందుగా స్వీకరించిన వైద్యశాస్త్రానికి గంజాయి అంటే అంటరానితనం ఎందుకుంటుంది? అడుగుతున్నది ఒక్కటే: ఆ దారిలో నడిచి రమ్మని. ఏ రకం ల్యుకేమియాకు, ఎంత మోతాదు, దేనితో కలిపి, దేని తరువాత?

ఈ చివరి ప్రశ్న అలంకారానికి వేసినది కాదు. 2017లో లండను బృందమే మరో ప్రయోగం చేసింది. కీమోథెరపీ మందు ముందు, కన్నాబినాయిడ్లు తరువాత ఇస్తే కణాలు బాగా చచ్చాయి. వరుస తిరగేస్తే ఫలితం తగ్గింది. గంజాయికి అనుకూలమైన పరిశోధనే చెబుతున్న మాట ఇది. ఇన్‌స్టాగ్రామ్‌లో సీసా అమ్మేవాడికి ఈ పిల్లవాడికి ఏ రోజున ఏ మందు ఎక్కిస్తున్నారో తెలుసా?

"పనిచేయకపోతే మానె, నష్టమేముంది" అనేవారికి కూడా జవాబు ఉంది. సీబీడీ కాలేయంలో మందులను విరిచే ఎంజైములను అడ్డుకుంటుంది. విన్‌క్రిస్టీన్, ఇమాటినిబ్ వంటివి విరిగేది అక్కడే. సీబీడీ వల్ల కాలేయ ఎంజైములు పెరగడం కూడా జరుగుతుంది. మెర్కాప్టోప్యూరిన్, మెథోట్రెక్సేట్‌ల వల్ల కూడా అవి పెరుగుతాయి. నూనె సంగతి దాచిపెడితే క్యాన్సరు వైద్యుడు రిపోర్టు చూసి ఏం చేస్తాడు? తన మందే కారణమనుకొని దాని మోతాదు తగ్గిస్తాడు. జబ్బును పట్టి ఉంచిన మందు తగ్గుతుంది, నూనె సాగుతుంది. తెల్ల కణాలు పడిపోయిన రోగికి బూజు మరో గండం. మజ్జ మార్పిడి చేయించుకున్న ఒక రోగి బూజుపట్టిన గంజాయి పీల్చి ఊపిరితిత్తుల ఆస్పర్జిలస్‌తో మరణించిన వృత్తాంతం 1988లోనే వైద్య పత్రికలో వచ్చింది.

మాస్టారిని సీసా మీద ఏముందో చదవమన్నాను. "నూటికి నూరుపాళ్ళు సహజం" అని ఉందట. చుక్కకు ఎంత సీబీడీ, ఎంత టీహెచ్‌సీ, ఏ బ్యాచి, ఎవరు పరీక్షించారు, ఏమీ లేదు. మన చట్టం ప్రకారం గంజాయి ఆకు, అంటే భంగు, నిషేధ పరిధిలోకి రాదు. పూత, జిగురు, వాటి గాఢ ద్రవం వస్తాయి. ఆకునుంచి తీసినదని 'విజయ' పేరుతో ఆయుష్ లైసెన్సు మీద అమ్మేవి కొన్ని. ఏ లైసెన్సూ లేకుండా చేతులు మారేవి మరికొన్ని. విశాఖ మన్యం దారుల్లో పోలీసులు పట్టుకొనే ద్రవ గంజాయికీ, ఈ పేరులేని సీసాకూ తేడా ఏమిటో కొన్నవాడు చెప్పలేడు. ఏ పేరుతో అమ్మినా క్యాన్సరును నయం చేస్తుందని ప్రకటించడం 1954 నాటి చట్టం కింద నేరం. ఆ చట్టం జాబితాలో క్యాన్సరు పేరు స్పష్టంగా ఉంది. డెబ్బయి ఏళ్ళుగా ఉన్న చట్టాన్ని అమలు చేయడానికి ఇంకెన్నాళ్ళు ఆలోచించాలో ఔషధ నియంత్రణాధికారులు చెప్పాలి. ఫోను తెరిస్తే సాక్ష్యం దొరుకుతుంది.

నా వృత్తివారిని వదిలిపెట్టలేను. ఆ అల్లుడు నూనె కొన్నది శాస్త్రం మీద ద్వేషంతో కాదు. పిల్లవాడు నోటిపూతతో రెండు రోజులు మంచినీళ్ళు కూడా మింగలేక ఏడిస్తే, "కీమో అన్నాక ఇవన్నీ మామూలే" అన్న సమాధానం విన్నాడు. నొప్పి మామూలు కాదు. 1985 నాటి మత్తుపదార్థాల చట్టానికి భయపడి మన ఆసుపత్రులు ఏళ్ళ తరబడి మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సడలించినా ఆ భయం పూర్తిగా వదలలేదు. నా ఉద్యోగకాలంలో నేనూ ఆ రిజిస్టర్లకు జడిసినవాణ్ణే. నొప్పితో ఉన్న రోగులను తక్కువ మందుతో పంపిన రోజులున్నాయి. వాంతికి, నొప్పికి, నిద్రకు ఉన్న మందులను మనం సరిగా ఇచ్చి ఉంటే ఆ ఖాళీలోకి నూనె అమ్మేవాడు దూరేవాడు కాదు. వాంతులకు టీహెచ్‌సీ మాత్రను అమెరికాలో 1985 నుంచే ఇస్తున్నారు. ఆ ఉపయోగం నిజం. కానీ అది కీమోథెరపీని తట్టుకోవడానికి తోడు, కీమోథెరపీకి బదులు కాదు. నూనె వాడుతున్నామని తల్లి చెబితే కసరకండి. కసిరితే ఆమె నూనె మానదు, చెప్పడం మానుతుంది.

మాస్టారితో ఆ రోజు నేనన్నది ఇంతే: "సీసాను దాచవద్దు, పారవేయనూ వద్దు. దాన్ని సంచిలో వేసుకొని, పిల్లవాణ్ణి తీసుకొని రేపే ఆసుపత్రికి వెళ్ళండి. ఎన్ని చుక్కలు, ఎన్ని రోజులు వేశారో ఉన్నదున్నట్లు చెప్పండి." అల్లుడు ఒప్పుకోవడానికి మరో పది రోజులు పట్టింది. వెళ్ళారు. అక్కడి వైద్యురాలు తిట్టలేదట. సీసా వివరం కేసు షీటులో రాసుకొని, కాలేయ పరీక్షలు చేయించి, చుక్కలు ఆపించి చికిత్స మళ్ళీ మొదలుపెట్టింది. దాదాపు మూడున్నర వారాల చికిత్స పోయింది. దాని ఫలితం ఏమిటన్నది ఇప్పుడు ఏ పరీక్షా చెప్పదు, రెండు మూడేళ్ళు చూడాలి. మాస్టారు నిన్న మళ్ళీ ఫోను చేశారు. పిల్లవాడికి నోటిపూత కాస్త తగ్గింది, పెరుగన్నం తిన్నాడు. సీసా ఇంకా బీరువాలోనే ఉందట, అల్లుడు పారవేయనివ్వడం లేదట.